జముకుల కథలు ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతాయి? మా పర్లాకిమిడి వైపు అనుభవం

మీ అమ్మమ్మగారు పర్లాకిమిడిలో అమ్మవారి సంబరాలకి విన్న జముకుల కథ (జముకు అనే వాయిద్యం మీటుతూ చెప్పే కథ) ఇప్పుడు ఎక్కడైనా వినడానికి దొరుకుతుందా, యూట్యూబ్‌లో ‘జానపదాలు’ అని కొడితే డీజే పాటలే వస్తున్నాయి అని అడిగారు. నేను పుట్టి పెరిగింది పర్లాకిమిడిలోనే. రెండేళ్ళుగా నేనూ ఇవే వెతుకుతున్నాను. దొరుకుతాయండీ. కాకపోతే ‘జానపదం’ అన్న మాట వదిలేయండి.

ఎందుకంటే కథ చెప్పేవాళ్ళు దాన్ని జానపదం అనరు, ఫోన్లో తీసి ఎక్కించే కుర్రాళ్ళూ అనరు. ‘మా ఊరి సంబరం’ అనో, ‘ఎల్లమ్మ కథ రెండో భాగం’ అనో పేరు పెట్టి వదిలేస్తారు. అందుకని వాయిద్యం పేరు, కథ పేరు, ఊరి పేరు, ఈ మూడింట్లో ఏవైనా రెండు కలిపి కొట్టండి. ‘జముకు పాతపట్నం’, ‘ఎల్లమ్మ కథ మెళియాపుట్టి’, ‘తప్పెటగుళ్ళు టెక్కలి’, ఇలాగ. ఒక్క పర్లాకిమిడి పేరుతో వెతికితే తెలుగువి తక్కువే వస్తాయి. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా ఊరు అటు వెళ్ళింది గానీ, మా సంబరాలకి వచ్చే కథకులు శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు పల్లెల వాళ్ళే. అందుకే మన పాటలు శ్రీకాకుళం పేరు మీద ఉంటాయి. మా వీధి సంబరంలో చెప్పిన తెలుగు కథ ఒకటి మాత్రం ఒడియా అక్షరాల్లో పేరు పెట్టి ఉండగా దొరికింది. మా పక్కింటి ఒడియా అబ్బాయి చేత ఊరి పేరు టైపు చేయించుకుంటే గానీ అది బయటపడలేదు.

దొరికాక దయచేసి ఫోన్ స్పీకర్‌లో వినకండి. జముకు తెలుసు కదా, గొట్టంలా ఉండి, ఒక పక్క తోలు మూసి, ఆ తోలు మధ్యలోంచి తీగ లాగి ఉంటుంది. చంకలో ఇరికించుకుని తీగ బిగిస్తూ, వదులు చేస్తూ మీటుతారు. ఆ లోతైన ‘జుమ్ము’ చిన్న స్పీకర్‌లో పలకదు, టకటకమనే చప్పుడు మాత్రం మిగులుతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టి చూడండి. మా అమ్మకి పెట్టినప్పుడు మొదటి మీటుకే కళ్ళు మూసుకుని, “ఓలమ్మ, ఇది నీలమణి దుర్గమ్మ గుడి దారిలో విన్నట్టే ఉందిరా” అంది.

ఇంకో మాట. మూడు నిమిషాల ముక్కలు కాకుండా గంట, గంటన్నర ఉన్న వీడియోలు వెతకండి. మొదట్లో మైకు గోల, పేర్లు చదవడం, చదివింపులు, అన్నీ ఉంటాయి, ఓపిక పట్టండి. కథలో పాట ఎంతో వచనమూ అంతే. కథకుడు ఒక మాట అంటాడు, పక్కనున్న వంతవాడు ‘ఆఁ, అలాగా’ అని అందుకుంటాడు, కథ అక్కడే నడుస్తుంది. మా మావయ్య దగ్గర ఒక పాత క్యాసెట్ ఉండేది. సీడీ చేయించమని ఒక స్టూడియోలో ఇస్తే, మాటలన్నీ కోసేసి నాలుగు పాటలు చేతిలో పెట్టారు. క్యాసెట్ కూడా తిరిగి రాలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రేడియో మర్చిపోకండి. ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్‌లో విశాఖపట్నం ఆకాశవాణి పెట్టుకోండి. అక్కడ మాత్రం జానపదం అన్న మాటే పనికొస్తుంది, కార్యక్రమాన్ని ఆ పేరుతోనే చెబుతారు. ప్రసారభారతి ఆర్కైవ్స్ వాళ్ళ యూట్యూబ్ ఛానల్ కూడా ఒకసారి చూడండి. పాట మధ్యలో ఒక్క చరణమే గుర్తుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కానులు తిరగేయండి. నేదునూరి గంగాధరం గారు, బిరుదురాజు రామరాజు గారు లాంటి వాళ్ళు ఊళ్ళు తిరిగి జానపద గేయాలు సేకరించారు. అలాంటి సేకరణల్లో పల్లవి దొరికితే, ఆ పల్లవితో వెతకడం చాలా సులువు.

మీ అమ్మమ్మగారు ఇంకా పాడగలరంటే మాత్రం ఇవన్నీ తర్వాత, ముందు ఆవిడ పాట రికార్డు చేయండి. మా మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఫోన్ పెట్టి “పాడు మామ్మా” అంటే రెండో చరణానికే ఆగిపోయింది. “మర్చిపోయాను బావూ” అంది. మర్నాడు చేటలో బియ్యం పోసి ఇచ్చాను. చెరుగుతూ చెరుగుతూ తనంతట తానే ఎత్తుకుంది, ఆగకుండా పదకొండు చరణాలు. చేట ఊపు ఎటుంటే పాట అటు నడిచింది. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద ఆవిడ మోకాలి పక్కనే పెట్టండి, ఫ్యాన్ ఆపేయండి. అయిపోయాక ఫైలుకి ఊరి పేరు, ఎప్పుడు పాడే పాటో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసి పెట్టండి. నెట్‌లో పెట్టే ముందు ఆవిడని ఒక మాట అడగండి. మా మామ్మ పెళ్ళి పాటలకి సరేనంది, ఏడుపు పాట ఒకటి మాత్రం వద్దంది. అది నా ఫోన్లోనే ఉంది.