ఆయాసం కేసుల్లో కుడి గుండెను మర్చిపోకు

చిరంజీవి డాక్టరమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

క్యాజువాలిటీలో పోస్టింగ్ మొదలైందని మీ నాన్న చెప్పాడు. నువ్వు ఫోన్లో అడిగిన ఆయాసం కేసుల గురించి తీరిగ్గా రాస్తున్నా.

ఆయాసం అనగానే మనవాళ్ల చెయ్యి నెబ్యులైజర్ మీదికో, ఒంట్లో నీరు లాగే లాసిక్స్ మీదికో పోతుంది. చాలాసార్లు అది సరైనదే. కానీ స్టెత్ పెడితే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండి, మెడ నరం ఉబ్బి, ఆక్సిజన్ తగ్గి, బీపీ జారుతుంటే కుడి జఠరికను, అంటే ఊపిరితిత్తులకు రక్తం పంపే కుడివైపు కింది గదిని, అనుమానించు.

ఎకో (గుండె అల్ట్రాసౌండ్) ప్రోబ్ పెట్టు. నాలుగు గదుల వ్యూలో కుడి జఠరిక ఎడమదానిలో మూడింట రెండొంతులు మించకూడదు. ప్రోబ్ కాస్త పక్కకి జరిగినా పెద్దదిగా కనబడి మోసం చేస్తుంది కాబట్టి రెండు వ్యూల్లో చూశాకే నమ్ము. టాప్సే, అంటే కుడి జఠరిక ముడుచుకున్నప్పుడు దాని కవాటం అంచు కదిలే దూరం, 17 మిల్లీమీటర్ల లోపుంటే కండరం డీలా పడిందనే అర్థం.

కుడి జఠరిక పెద్దదైందని తెలియగానే పల్మనరీ ఎంబాలిజం (ఊపిరితిత్తి ధమనిలో క్లాట్, అంటే రక్తపు గడ్డ, అడ్డుపడటం) అని కేకెయ్యకు. కట్టెల పొయ్యి పొగ పీల్చిన పెద్దావిడలు, బీడీలు కాల్చినవాళ్లు, టీబీ తగ్గినా ఊపిరితిత్తి పాడైనవాళ్లు, మైట్రల్ స్టెనోసిస్ (గుండె ఎడమవైపు కవాటం ఇరుకవడం) ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. వాళ్ల కుడి జఠరిక ఏళ్ల తరబడి ఒత్తిడి మోసి ఉంటుంది. అందుకే గోడ మందం కొలువు. 5 మిల్లీమీటర్లు దాటితే పాత జబ్బు ఉన్నట్టే అనుకో, నిన్నో మొన్నో మొదలైన ఒత్తిడికి గోడ అంత మందం కాదు. పాతదాని మీద కొత్త క్లాట్ కూడా పడొచ్చు. గజ్జల్లో, మోకాలి వెనక సిరను ప్రోబ్‌తో నొక్కి చూడు, అణగకపోతే క్లాటే. ‘ఆర్వీ డైలేటెడ్’ (కుడి జఠరిక పెద్దదైంది) అని కేస్ షీట్లో రాసి ఊరుకోవడం నాకు అస్సలు నచ్చదు. కొత్తదా పాతదా రాయకపోతే ఆ ఎకో ఎందుకు చేసినట్టు?

ఈసీజీలో ఇన్ఫీరియర్ ఎంఐ (గుండె కింది గోడకు వచ్చిన గుండెపోటు) ఉంటే కుడివైపు లీడ్లు కూడా తీయించు. ఆర్వీ ఇన్ఫార్క్ట్, అంటే గుండెపోటు కుడి జఠరికకూ తగిలి ఉంటే, రక్తనాళాలను వదులు చేసే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టొద్దు, బీపీ కుప్పకూలుతుంది.

ఇక సెలైన్. ఐవీసీ (ఒంటి కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) లావుగా ఉండి శ్వాసతో కదలకపోతే బాటిల్ మీద బాటిల్ ఎక్కించకు. నిండిన కుడి జఠరిక మధ్యగోడను ఎడమవైపుకి నెట్టేస్తుంది, బీపీ ఇంకా పడిపోతుంది. బీపీ పెంచే నోరాడ్రినలిన్ తొందరగా మొదలుపెట్టు. వెంటిలేటర్ కోసం గొంతులో ట్యూబ్ వేయడానికీ తొందరపడకు. మత్తుమందు, వెంటిలేటర్ ఒత్తిడి రెండూ కలిసి ఆ గుండెను అక్కడే ఆపేయగలవు. తప్పదనుకుంటే నోరాడ్ నడుస్తుండగానే వెయ్యి.

పై బీపీ 90 లోపు ఉండి ఎంబాలిజం అనుమానం గట్టిగా ఉంటే, సీటీకి తీసుకెళ్లే పరిస్థితి లేదని వైద్యం వాయిదా వేయకు. ఎకో క్లిప్ సీనియర్‌కి చూపించి థ్రాంబోలైసిస్ (క్లాట్ కరిగించే మందు ఇవ్వడం) సంగతి అప్పుడే అడుగు.

మీ పెదనాన్న