కాలరు మైకులో అప్పు ఒప్పించినా కాలదోషం ఆగదు

ప్రశ్న: మాది తెనాలి. శుభకార్యాలకు సౌండు సిస్టమ్ అద్దెకిస్తుంటాను. దుకాణం పెట్టుకుంటానంటే నా చిన్ననాటి స్నేహితుడికి 2023 సెప్టెంబరు 8న బ్యాంకు ద్వారా నాలుగు లక్షలు, అదే ఏడాది నవంబరు 20న మరో రెండు లక్షలు నగదుగా ఇచ్చాను. అడిగినప్పుడు ఇచ్చేస్తానన్నాడు. అన్నదమ్ముల్లా పెరిగినవాళ్లం కనుక నోటు రాయించుకోలేదు. నా భార్య నగలు తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము అది. ఇప్పుడు ఎప్పుడు అడిగినా ‘చూద్దాంలే’ అంటున్నాడు. చొక్కాకు కాలరు మైకు, నడుముకు ట్రాన్స్‌మిటరు తగిలించుకుని వెళ్లి అతని నోటితోనే అప్పు సంగతి చెప్పించి, బయట కారులో రిసీవరు దగ్గర కూర్చున్న మా మేనల్లుడి చేత రికార్డు చేయించాలనుకుంటున్నాను. మైకు ఎలా అమర్చుకుంటే కోర్టులో చెల్లుతుంది? పోనీ, సెట్టును అతని దుకాణంలో బల్ల కింద వదిలేసి రావచ్చా?

జవాబు: మీరు మైకు గురించి రెండు ప్రశ్నలు అడిగారు కానీ, ఈ వ్యవహారాన్ని తేల్చేది మీ ఉత్తరంలోని రెండు తేదీలు. దావాలకు గడువు పెట్టే లిమిటేషన్ చట్టం, 1963 ప్రకారం చేబదులు సొమ్ము వసూలుకు మూడేళ్లలోపు దావా వేయాలి, దాటితే అప్పుకు కాలదోషం పడుతుంది. ‘అడిగినప్పుడు ఇస్తాను’ అన్న ఒప్పందం మీద ఇచ్చిన అప్పుకు గడువు మీరు అడిగిన రోజు నుంచి మొదలవుతుందని చాలామంది పొరబడుతుంటారు. ఆ చట్టం 21వ ఆర్టికల్ ప్రకారం అది డబ్బు ఇచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. అంటే నాలుగు లక్షలకు 2026 సెప్టెంబరు 8తోను, రెండు లక్షలకు 2026 నవంబరు 20తోను గడువు ముగుస్తుంది.

మీ స్నేహితుడు మైకులో ‘అవును, నీకు ఆరు లక్షలు ఇవ్వాలి’ అని గంట కొట్టినట్టు చెప్పినా ఈ తేదీలు ఒక్క రోజు కూడా జరగవు. బాకీని ఒప్పుకున్నందువల్ల కొత్త గడువు రావాలంటే, అదే లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ ఒప్పుకోలు రాతపూర్వకంగా ఉండాలి, దాని మీద బాకీదారు సంతకం ఉండాలి, పాత గడువు తీరకముందే ఆ సంతకం పడాలి. నోటిమాటకు ఆ బలం లేదు. రికార్డయినంత మాత్రాన నోటిమాట రాత కాదు. గడువు దాటాక మిగిలే దారి కాంట్రాక్టు చట్టం 25(3) సెక్షన్ ఒక్కటే. దానికీ బాకీ తీరుస్తానని అతను సంతకం చేసి ఇచ్చిన రాత కావాలి. వాట్సాప్ సందేశాన్ని సంతకం చేసిన రాతగా పరిగణించాలని వాదించడానికి అవకాశం ఉంది గానీ, ఆ వాదన నిలుస్తుందో లేదో మీ ఆరు లక్షల మీద ప్రయోగం చేసి తెలుసుకోవద్దు.

అయితే రికార్డింగు వృథా అని కాదు. బ్యాంకు ద్వారా వెళ్లిన నాలుగు లక్షలు డబ్బు చేరిందని చెబుతాయే తప్ప, అది అప్పని చెప్పవు. పాత బాకీ తీర్చారనో వ్యాపారంలో వాటా పెట్టారనో అవతలివారు వాదించవచ్చు. నగదుగా ఇచ్చిన రెండు లక్షలకు ఆ మాత్రం ఆధారం కూడా లేదు. పెళ్లికి మైకుసెట్టు అద్దెకిచ్చేటప్పుడు అడ్వాన్సు రసీదు రాసే మనిషి, రెండు లక్షలు చేతిలో పెట్టేటప్పుడు కాగితం ముక్క అడగకపోవడాన్ని స్నేహం అనరు, అజాగ్రత్త అంటారు. ఆ లోటును అతని మాటలు కొంత పూడ్చగలవు. టేపు చేసిన సంభాషణ సాక్ష్యంగా చెల్లుతుందని ఆర్.ఎం. మల్కానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ టేపులో గొంతు ఎవరిదో గుర్తించగలగాలని, మాట స్పష్టంగా వినిపించాలని, మార్పులు జరగలేదని నిరూపించాలని 1985లో రామ్‌సింగ్ కేసులో షరతులు పెట్టింది.

మైకు అమరిక విషయం ఇక్కడే అక్కరకొస్తుంది. కాలరు మైకు దాన్ని పెట్టుకున్నవాడి గొంతు కోసం తయారైన సాధనం, మీకు కావలసింది ఎదుటివాడి గొంతు. ‘ఆరు లక్షలు ఇచ్చాను కదరా’ అన్న మీ మాట ఖంగున వినిపించి, అతను ‘ఊఁ’ అన్నది ఫ్యాను చప్పుడులో కలిసిపోతే ఆ రికార్డు మీ వాదన మాత్రమే అవుతుంది. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న సెట్టయితే దాన్ని ఆపేయండి, ఎందుకంటే అది దూరపు గొంతును రొదగా లెక్కగట్టి అణచివేస్తుంది. మైకును గడ్డానికి జానెడు కింద, చొక్కా పైభాగాన, గొలుసూ కండువా రాసుకోని చోట పెట్టుకోండి. ట్రాన్స్‌మిటరు యాంటెనాను మడిచి బెల్టు కింద నొక్కకుండా, చెమట తగలకుండా వేలాడనివ్వండి. కొత్త బ్యాటరీలు వేసి, ట్రాన్స్‌మిటరూ రిసీవరూ ఒకే ఛానెల్‌లో ఉన్నాయో లేదో, మ్యూట్ మీట పడి ఉందేమో చూసుకోండి. ఎదురుగా గజం దూరంలో ఒక మనిషిని కూర్చోబెట్టి మామూలు గొంతుతో మాట్లాడించి, అతని మాట తెలిసేటట్టు గెయిన్ (మైకు గొంతును అందుకునే స్థాయి) సర్దుకోండి. మీ స్నేహితుడు తల ఊపితే మైకుకు తెలియదు; ఎంత, ఎప్పుడు అన్నవి అతని నోటి వెంట రావాలి.

కారులో రిసీవరు పెట్టే పథకం మాత్రం నాకు నచ్చలేదు. నడుమ గోడలుంటాయి, మీ శరీరమే సిగ్నలును కొంత అడ్డుకుంటుంది. మాట తెగిన ప్రతిచోటా అక్కడ కత్తిరించారని అవతలి న్యాయవాది అంటారు. పైగా రికార్డు చేసిన పరికరం మేనల్లుడి చేతిలో ఉంటుంది గనుక రికార్డుతో పాటు కోర్టుకు ఇవ్వవలసిన సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేదీ, బోనెక్కి క్రాస్ ఎగ్జామినేషన్ ఎదుర్కొనేదీ అతనే కావలసి వస్తుంది. ట్రాన్స్‌మిటరులోనే రికార్డు చేసే సౌకర్యం ఉంటే దాన్ని వాడండి, లేదా మీ జేబులోని ఫోనులో నేరుగా రికార్డు చేసుకోండి. తేదీ, సమయం ముందే సరిచేసుకోండి. ఇక 2.4 గిగాహెర్ట్జ్ సెట్టుకు వైర్‌లెస్ లైసెన్సు బెడద లేదు. వేరే ఫ్రీక్వెన్సీదైతే అనుమతి సంగతి చూసుకోకుండా వాడకండి.

రికార్డయ్యాక ఆ ఫైలును ముట్టుకోవద్దు. ముందూ వెనకా కత్తిరించడం, రొద తీయించడం, వాట్సాప్‌లో పంపి అసలును తుడిచేయడం, ఇవన్నీ మీ సాక్ష్యాన్ని మీరే పాడుచేసుకునే పనులు. మెమరీ కార్డును, పరికరాన్ని భద్రపరిచి, వినడానికి నకలు వాడండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద రెండు భాగాల సర్టిఫికెట్ దాఖలు చేయాలి. మొదటి భాగం పరికరాన్ని వాడినవారిది, రెండోది నిపుణుడిది. ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువను అందులో చూపాలి. సంభాషణను ఉన్నదున్నట్టు తెలుగులో రాయించి జతచేయాలి.

బల్ల కింద సెట్టు వదిలే ఆలోచన ఈ క్షణమే మానుకోండి. మీరు పాల్గొన్న సంభాషణను రికార్డు చేసుకోవడం ఒకటి. మీరు లేని చోట అతను భార్యతో, ఖాతాదారులతో మాట్లాడుకునేది చాటుగా వినడం వేరొకటి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అక్రమ ప్రవేశమంటూ అతను పోలీసు ఫిర్యాదు పెడితే, బాకీ అడగవలసిన మీరు బెయిలు కోసం తిరగవలసి వస్తుంది.

మైకుతో వెళ్లే రోజునే ఒక ప్రోనోటు కూడా తీసుకెళ్లండి. రెండు మొత్తాలూ తేదీలతో రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం పడేలా, ఇద్దరు సాక్షుల ఎదుట రాయించుకోండి. స్టాంపు లేని ప్రోనోటును ఆ తరువాత జరిమానా కట్టి కూడా సరిచేసుకోలేరు. సంతకం పెట్టనంటే గొడవపడకుండా వచ్చేసి, న్యాయవాది చేత నోటీసు ఇప్పించండి; జవాబులో బాకీని ఒప్పుకుంటే అది మీకు రాత అవుతుంది. నోటీసు ఇచ్చినంతనే గడువు ఆగిపోదు గనుక, జవాబు కోసం పదిహేను రోజులకు మించి ఎదురుచూడకుండా బ్యాంకు స్టేట్‌మెంటు, నగల తాకట్టు రసీదులు, రికార్డింగు తీసుకుని, రెండు మొత్తాలకూ కలిపి మొదటి గడువులోపే దావా దాఖలు చేయించండి.