సమాధానం: శక్తిని ముక్కలు చేస్తే అతినీలలోహితం ఎందుకు తగ్గుతుంది?

"ప్లాంక్ శక్తిని ముక్కలుగా ఇచ్చారు సరే, దానివల్ల అతినీలలోహిత కాంతి ఎందుకు తగ్గాలి?" అని అడిగారు. వేడి వస్తువు ఇచ్చే కాంతిని లెక్కగట్టడానికి జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్, శక్తి ముక్కలుగానే అందుతుందని అనుకున్నారు కదా, దాని గురించే ఈ ప్రశ్న. డిగ్రీలో నేనూ ఇక్కడే ఆగిపోయానండి. అంకెలు వేసి చూస్తేనే నాకు విడింది.

కొలిమిలో 1500 కెల్విన్ల దగ్గరున్న ఇనుమును తీసుకోండి. పాత సిద్ధాంతం ప్రకారం కాంతి ఊగే ఒక్కో తీరుకు, అంటే ఒక్కో కంపనానికి, సగటున దక్కే వాటా సుమారు 0.13 ఎలక్ట్రాన్ వోల్టులు (శక్తికి చిన్న కొలమానం), పౌనఃపున్యం ఎంతైనా సరే. కానీ ప్లాంక్ లెక్కలో పౌనఃపున్యం పెరిగేకొద్దీ ముక్క కూడా పెద్దదవుతుంది. 300 నానోమీటర్ల అతినీలలోహితంలో ఒక్క ముక్కే 4.1 ఎలక్ట్రాన్ వోల్టులు, దాదాపు 32 రెట్లు! సగం ముక్క ఇవ్వడం కుదరదు. అందుకే ఆ కంపనాలు దాదాపు అన్నీ ఖాళీగా ఉండిపోతాయి. ఇదే లెక్క 10 మైక్రోమీటర్ల పరారుణానికి వేయండి. ముక్క 0.124 మాత్రమే, సులువుగా అందుతుంది.

ఇంకో మాట. ప్లాంక్ అతినీలలోహిత విపత్తును (పాత సిద్ధాంతం లెక్కలో అతినీలలోహితం వైపు శక్తి అంతులేకుండా పెరిగిపోవడాన్ని) సరిదిద్దడానికి బయల్దేరారని మీరు రాశారు, అది నిజం కాదు. 1900 అక్టోబరు 7న ప్రయోగాలు చేసే భౌతిక శాస్త్రవేత్త రూబెన్స్ బెర్లిన్‌లో ప్లాంక్ ఇంటికి వచ్చి, పొడవాటి తరంగాల దగ్గర వీన్ సూత్రం (వేడి వస్తువు ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత కాంతి ఇస్తుందో చెప్పే అప్పటి సూత్రం) కొలతలతో కలవడం లేదని చెప్పారు. అంటే చిక్కు వచ్చింది పరారుణం వైపు. ప్లాంక్ అక్టోబరు 19న కొత్త సూత్రాన్ని, డిసెంబరు 14న దాని ఉపపత్తిని వినిపించారు. 'విపత్తు' అన్న పేరు 1911లో ఎరెన్‌ఫెస్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టింది.