ఎన్‌టీడీల గురించి అవగాహన కల్పించాలంటే యువజన బృందం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీరు పన్నెండు మంది విద్యార్థులు. జనవరి 30న ప్రపంచ ఎన్‌టీడీ దినం నాడు ర్యాలీ తీశారు, పోస్టర్లు అంటించారు, ఒక డాక్టరు చేత మాట్లాడించారు. జనం విన్నారు, వెళ్లిపోయారు, ఏదీ మారలేదు. ఈసారైనా ఫలితం కనిపించాలంటే ఏం చేయాలి?

ముందు మార్చాల్సింది ‘ఎన్‌టీడీలపై అవగాహన’ అనే ఆ పేరునే. ఎన్‌టీడీ (నెగ్లెక్టెడ్ ట్రాపికల్ డిసీజ్, అంటే నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధి) అనేది ఒక జబ్బు పేరు కాదు. పేదల జబ్బులని ఎవరూ పట్టించుకోకుండా వదిలేసినవాటిని ఒక్కచోట చేర్చడానికి ఆరోగ్య రంగం వాళ్లు పెట్టుకున్న పేరు. 2023 డిసెంబరులో నోమాను (నోటినీ ముఖాన్నీ కుళ్లబెట్టే జబ్బు) చేర్చాక ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా 21కి చేరింది. అందులో దోమ కుడితే వచ్చే బోదకాలు ఉంది, మట్టిలోంచి కడుపులోకి చేరే నులిపురుగులు ఉన్నాయి, కుష్టు ఉంది, గజ్జి ఉంది, రేబిస్ ఉంది, 2017 నుంచి పాముకాటు కూడా ఉంది. వీటన్నిటికీ సరిపోయే సలహా ఒక్కటి చెప్పమంటే ‘శుభ్రంగా ఉండండి, డాక్టరుని కలవండి’ దగ్గర తేలుతుంది. అది విన్నవాళ్లకి ఇంటికెళ్లి చేయడానికంటూ ఏమీ మిగలదు.

అందుకని ఒక్క జబ్బు తీసుకోండి. ఆ జబ్బు విషయంలో జనం చేయాల్సిన ఒక్క పని తీసుకోండి. ఏ జబ్బన్నది మీ అభిరుచిని బట్టి తేల్చుకునేది కాదు. మీ ప్రాంత ఆరోగ్య అధికారిని కలిసి మూడు సంగతులు అడగండి: ఈ జాబితాలో ఇక్కడ నిజంగా ఉన్నవి ఏవి, ఈ ఏడాది మందుల పంపిణీ ఏ నెలలో, పోయినసారి ఏ వీధుల్లో తక్కువ మంది మింగారు. మూడో ప్రశ్నకి వచ్చే జవాబు దగ్గరే మీ పని మొదలవుతుంది.

మాటలతో జబ్బు పోతుందా అన్న అనుమానం మీ బృందంలో ఎవరికైనా ఉంటే నారికురుపు (గినియా వర్మ్) చరిత్ర చెప్పండి. తాగే నీళ్లతో ఒంట్లోకి చేరిన పురుగు పెరిగి, ఎక్కువగా కాలిలోంచి బయటికొచ్చే జబ్బు అది. 1986లో ప్రపంచంలో ఏటా సుమారు 35 లక్షల మందికి వచ్చేది. 2023లో వచ్చింది 14 మందికి. దానికి టీకా లేదు, పురుగుని చంపే మందూ లేదు. తాగే నీళ్లు గుడ్డతో వడగట్టుకోండి, పురుగు బయటికొస్తున్న కాలు చెరువులో పెట్టకండి అన్న రెండు మాటల్ని ఊరి మనుషులే ఇంటింటికీ, ఏళ్ల తరబడి చెప్పారు. వడగట్టే గుడ్డ ఇచ్చారు, బావుల మీద దృష్టి పెట్టారు. వాళ్లు చెప్పింది ‘పరిశుభ్రత’ గురించి ఉపన్యాసం కాదు, చేతులతో చేసే రెండు పనులు. మీ సందేశం కూడా అంత చిన్నదిగా ఉండాలి.

బోదకాలుతో వివరంగా చెప్తాను. యువత చేతిలో ఎక్కువ పని ఉన్నది అక్కడే.

బోదకాలు దోమ మోసుకొచ్చే సన్నటి పురుగుల వల్ల వస్తుంది. దాన్ని ఆపే పద్ధతి సామూహిక మందుల పంపిణీ. జబ్బున్నా లేకున్నా అర్హులందరూ ఏడాదికోసారి మందు మింగాలి. ఆల్బెండజోల్, డీఈసీ అనే మాత్రలు ఇస్తారు, కొన్నిచోట్ల ఐవర్‌మెక్టిన్ కూడా కలుపుతారు. రెండు మందుల పద్ధతిలో కనీసం ఐదేళ్లు, ప్రతిసారీ మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మింగితేనే వ్యాప్తి తెగుతుంది. ఇక్కడ చాలామంది పొరపడతారు. 65 శాతం అన్నది అర్హుల్లో కాదు, మొత్తం జనాభాలో. వెయ్యి మంది ఉన్నచోట 650 మంది మింగాలి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లు మింగకూడదు గనక వాళ్లని తీసేస్తే మిగతావాళ్లలో కావాల్సిన శాతం ఇంకా పెరుగుతుంది. ఏడాదికోసారి ఎందుకంటే, మందు రక్తంలోని పిల్ల పురుగుల్ని బాగా తగ్గిస్తుంది గానీ 6–8 ఏళ్లు బతికే పెద్ద పురుగులన్నిటినీ చంపదు. అవి మళ్లీ పిల్లల్ని పెడతాయి.

అసలు నష్టం జరిగేది ‘పంచడం’కీ ‘మింగించడం’కీ మధ్య. మధ్యాహ్నం తలుపు కొడతారు, ఇంట్లో పెద్దావిడ ఒక్కరే ఉంటారు, ఐదుగురి మాత్రలూ ఆవిడ చేతిలో పెట్టి రిజిస్టరులో ఐదు టిక్కులు పెడతారు. సాయంత్రానికి ఆ మాత్రలు అలమారాలోకి చేరతాయి. కాగితం మీద పంపిణీ బ్రహ్మాండం, దోమ మాత్రం ఎప్పటిలాగే జబ్బుని మోస్తూ ఉంటుంది. మీ బృందం ఈ ఒక్క ఖాళీని పూడ్చినా చాలు: ఆరోగ్య కార్యకర్త ముందే, అక్కడికక్కడే మింగడం. పగలు పనికెళ్లే మగవాళ్లూ కుర్రాళ్లూ ఇంట్లో ఉండే వేళ కనుక్కుని, కార్యకర్తతో కలిసి రాత్రి భోజనాల తర్వాత వెళ్లండి. మాత్రలు మాత్రం మీరు ఇవ్వకూడదు. మోతాదు వయసుని బట్టో ఎత్తుని బట్టో శిక్షణ పొందినవాళ్లే చూసి ఇస్తారు.

‘మింగను’ అనేవాళ్ల కారణాలు లెక్కపెడితే నాలుగైదుకి మించవు. ‘నాకేం జబ్బు లేదు’ అన్నది మొదటిది. పురుగులు ఒంట్లో ఉన్నా చాలామందికి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు, కాలు వాచాక మింగితే ఆ వాపుని మాత్ర తగ్గించదు అని చెప్పండి. ‘పోయినసారి జ్వరం వచ్చింది’ అన్నది రెండోది. దీన్ని కాదనకండి, అబద్ధమని కొట్టిపారేయకండి. రక్తంలోని పిల్ల పురుగులు ఒక్కసారిగా చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, కళ్లు తిరగడం కొందరికి వస్తాయి, మామూలుగా ఒకట్రెండు రోజుల్లో తగ్గుతాయి. ఈ సంగతి ముందే చెప్పిన ఇంట్లో రెండో ఏడు తలుపు తెరుస్తారు. దాచిపెట్టిన ఇంట్లో తెరవరు. ‘ఇన్ని మాత్రలా’ అన్నది మూడోది. ఎత్తైన పెద్దవాళ్లకి ఐవర్‌మెక్టిన్ ఒక్కటే 3 మి.గ్రా. మాత్రలు నాలుగు పడతాయి, మిగతావి కలిస్తే గుప్పెడవుతాయి. భయం సహజమే. ఏ మాత్ర ఎందుకో ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టి చూపించమని కార్యకర్తని అడగండి. నాలుగోది ఖాళీ కడుపు. తిన్నాక వస్తామని చెప్పి నిజంగానే రండి.

ఇంకో హెచ్చరిక. వేరే దేశం పోస్టరుని అనువదించి వాడకండి. డీఈసీ కొన్ని దేశాల్లో బోదకాలుకి మామూలు మందు. నది ఒడ్డున నల్ల ఈగల వల్ల వచ్చే అంధత్వపు జబ్బు ఉన్నచోట అదే మందు కళ్లకి తీవ్రమైన హాని చేయొచ్చు గనక అక్కడ సామూహికంగా ఇవ్వరు. ఆఫ్రికాలో కొన్నిచోట్ల కనిపించే లోవా అనే మరో రకం పురుగు ఒంట్లో ఎక్కువగా ఉన్నవాళ్లకి ఐవర్‌మెక్టిన్ ప్రమాదకరం. మందు పేరు, మోతాదు, తేదీ మీ దగ్గరి ఆరోగ్య శాఖ కాగితం చూసే రాయండి.

పోస్టరు మీద ఏనుగు పాదంలా ఉబ్బిన కాలు బొమ్మ వేయాలని అందరికీ అనిపిస్తుంది. వేయకండి. చూసినవాడు ‘నా కాలు అలా లేదు, ఇది నాకు కాదు’ అనుకుని పక్కకి తప్పుకుంటాడు. ఆ కాలు నిజంగా ఉన్న మనిషి తల దించుకుని ఇంట్లోంచి రావడం మానేస్తాడు. రెండు నష్టాలూ ఒకే బొమ్మతో. ఇంట్లో అందరూ వరసగా నిలబడి మాత్ర మింగుతున్న బొమ్మ వేసి, కింద తేదీ, చోటు, ఎవరు మింగకూడదో రాయండి. అచ్చు వేసే ముందు చదువు తక్కువున్న ఐదుగురికి చూపించి ‘ఇందులో ఏం చేయమంటున్నారు?’ అని అడగండి. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. వాళ్ల నోటితో చెప్పించుకోవాలి. ముగ్గురు తప్పు చెప్తే తప్పు పోస్టరుదే.

కాలు ఇప్పటికే వాచినవాళ్లని ప్రచారాలు పూర్తిగా మర్చిపోతాయి. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. వాళ్లకి మాత్రకన్నా ముందు కావాల్సింది కాలు కడుక్కోవడం నేర్పడం. వాపు పెరగడానికి పెద్ద కారణం వేళ్ల సందుల్లో ఉన్న చిన్న పగుళ్లలోంచి బాక్టీరియా లోపలికెళ్లి పదేపదే జ్వరం, మంట, నొప్పి రావడం. అలాంటి ప్రతి విడతకీ వాపు కొంత గట్టిపడుతుంది. దాన్ని ఆపే సామాను ఒక బేసిను, ఒక మగ్గు, మామూలు సబ్బు, మెత్తటి తుండు. వేడినీళ్లు వద్దు, గది వేడిలో ఉన్న శుభ్రమైన నీళ్లు చాలు. పైనుంచి కిందికి మెల్లగా, చర్మం మడతల లోపల, వేళ్ల మధ్య వేలు పెట్టి కడగాలి. బ్రష్షుతో రుద్దకూడదు. సబ్బు పోయేదాకా నీళ్లు పోసి, తుండుతో అద్దాలి, తుడవకూడదు. వేళ్ల సందుల్లో తడి ఉండిపోతే అక్కడే ఒరుస్తుంది. అందుకే చివరి నిమిషం అంతా అక్కడే పెట్టాలి. తర్వాత పగులుందేమో చూసి, ఉంటే ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన మందు రాయాలి. రోజూ చేయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టడం, మడమ పైకీ కిందికీ ఆడించడం కలపండి. కాలు ఎర్రబడి జ్వరంతో ఉన్న రోజుల్లో మాత్రం ఆడించకుండా విశ్రాంతి ఇచ్చి డాక్టరు దగ్గరికి పంపాలి. దీన్ని మైకులో చెప్తే ఎవరికీ రాదు. ఆరోగ్య కార్యకర్త ఒకసారి కడిగి చూపించాక, ఆ మనిషి చేతే, ఇంట్లో ఇంకొకరు చూస్తుండగా చేయించండి.

కుష్టు అయితే మీ పని వేరు. మందు ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే నయమవుతుంది. చికిత్స మొదలైన కొద్ది కాలానికే ఇతరులకి అంటించడం ఆగిపోతుంది. ఇబ్బందల్లా ఆలస్యంగా రావడమే. పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ, దాని మీద స్పర్శ తెలియకపోవడం: ఇదొక్కటే నేర్పండి. కళ్లు మూయించి దూది పోగుతో తాకి చూసుకునే పద్ధతి చెప్పొచ్చు, కానీ మీరు ఎవరికీ జబ్బు ఉందని గానీ లేదని గానీ చెప్పకూడదు. అనుమానం ఉన్నవాళ్లని నలుగురి ముందు పక్కకి పిలవకండి. ‘కుష్టురోగి’ అనే మాట మీ కాగితాల్లోంచి, మీ నోట్లోంచి పూర్తిగా తీసేయండి. ‘కుష్టు ఉన్నవారు’, ‘కుష్టు నయమైనవారు’ అనండి. కుష్టుకి ఇచ్చే మందుల్లో రిఫాంపిసిన్ వేసుకున్నప్పుడు మూత్రం ఎర్రగా వస్తుందనీ, క్లోఫజిమిన్‌తో చర్మం నల్లబడి ఆపాక మెల్లగా తగ్గుతుందనీ ముందే తెలిస్తే మధ్యలో మానేసేవాళ్లు తగ్గుతారు.

పుకార్ల సంగతికి ముందే సిద్ధంగా ఉండండి. పంపిణీ రోజున బడిలో ఒక పిల్ల కళ్లు తిరిగి పడితే, చూసి భయపడ్డ ఇంకో పదిమంది పడతారు. గంటలో వీడియో ఊరంతా తిరుగుతుంది. పడుకోబెట్టడం, మంచినీళ్లు, కార్యకర్తకి ఫోను, పేరూ వేళా రాసిపెట్టడం మీ వంతు. బాధ్యుడైన డాక్టరు మాట్లాడిన అరనిమిషం ఆడియో అదే రోజు, అవే గ్రూపుల్లోకి వెళ్లాలి. ఆ ఫోను నంబరు పంపిణీకి వారం ముందే మీ అందరి దగ్గరా ఉండాలి.

అధికారుల్ని కదిలించడానికి సంతకాల ఉద్యమం కన్నా ఒక్క పేజీ ఉత్తరం మేలు. అందులో ఒకే కోరిక ఉండాలి, అది ఆ అధికారి చేతిలో ఉన్నదై ఉండాలి. ‘ఎన్‌టీడీలని నిర్మూలించండి’ అని రాస్తే ఎవరూ జవాబివ్వలేరు. ‘మా ప్రాంతంలో కాళ్లు వాచిన 23 మందికి బేసిను, సబ్బు, తుండు, పూతమందు ఉన్న కిట్లు ఫలానా తేదీలోగా ఇవ్వండి’ అంటే ఇస్తామనో లేదనో చెప్పక తప్పదు. ఆ అంకె ఎక్కడిదో రాయండి. కేంద్రంలో మందు లేదని తెలిస్తే తేదీ, మందు పేరు, ఎన్ని రోజులు లేదో నోటుబుక్కులో రాసుకోండి, అదే మీ ఆధారం. పది రోజులకి జవాబు రాకపోతే వెళ్లి కలవండి. పత్రికలకి ఎక్కడం ఆఖరి మెట్టుగా ఉంచుకోండి. ముందే ఎక్కితే రేపు మీతో ఇంటింటికీ రావాల్సిన కార్యకర్తే ఇరుకున పడతారు.

ఫలితం కొలవడానికి ర్యాలీకి ఎంతమంది వచ్చారన్నది పనికిరాదు. పంపిణీ ముగిసిన రెండు వారాల్లోపు, మనుషులకి ఇంకా గుర్తుండగానే, 30 ఇళ్లు తిరగండి. తెలిసిన ఇళ్లు ఏరుకోకుండా వీధి చివర మొదలుపెట్టి ప్రతి పదో ఇల్లు తీసుకోండి. అట్టముక్క మీద అంటించిన మాత్రలు చూపించి ‘ఇవి మీకు ఇచ్చారా?’, ‘మింగారా?’ అని విడివిడిగా, ఒక్కొక్కరినీ అడగండి. ఇంటి పెద్ద అందరి తరఫునా చెప్తే రాసుకోకండి. మింగనివాళ్లు కారణం ఏ మాటల్లో చెప్తే ఆ మాటల్లోనే రాయండి. ఇచ్చినవాళ్ల సంఖ్యకీ మింగినవాళ్ల సంఖ్యకీ తేడాని ఆ వారంలోనే అధికారికి అందించండి. మిగిలిపోయినవాళ్ల కోసం మళ్లీ తిరిగే రోజులు ఇంకా ఉంటే ఆ వీధులకే ముందు వెళ్తారు. మింగనివాళ్ల పేర్లు మాత్రం మీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఆ కాగితం కార్యకర్త చేతికే ఇవ్వండి.