ఉప్పు తూచి వెయ్యి, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి, చిత్తూరు నుంచి మామ ఆశీస్సులు.

ఆస్కార్లు, అరోవానా, రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ ఉన్న తొట్టిలో నెలనెలా గుప్పెడు ఉప్పు వేస్తే జబ్బులే రావని తిరుపతిలో ఎవరో చెప్పారని రాశావు. ఆ మాట వినబాక. అవన్నీ మంచినీటి చేపలు. బాగున్నప్పుడు వాటికి ఉప్పుతో పని లేదు. ఉప్పును మందుగా చూడు. ఒక అవసరానికి తూకంతో వేసి, అది తీరాక తీసెయ్యాలి.

మొదటి అవసరం నైట్రైట్. మాంసం తినే పెద్ద చేప అమ్మోనియా ఎక్కువ వదులుతుంది. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఫిల్టర్ కొత్తదైనా, కరెంటు పోయి గంటల తరబడి ఆగిపోయినా నైట్రైట్ పేరుకుంటుంది. అది మొప్పల గుండా రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోసే గుణాన్ని దెబ్బ తీస్తుంది. మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి, చేప పైకొచ్చి గుటకలు వేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనివ్వదు. లీటరుకు 1 గ్రాము చాలు. నీళ్లలో ఉన్న నైట్రైట్ మాత్రం తగ్గదు, అమ్మోనియా మీద ఉప్పుకు అసలు పట్టే లేదు. ఆ రెండింటికీ నీళ్లు మార్చాలి, మేత ఆపాలి. పెద్ద చేప నాలుగైదు రోజులు తినకపోతే ఏమీ కాదు.

రెండోది గాయాలు. చేప ఒంట్లో ఉప్పు బయటి నీళ్లకంటే ఎక్కువ కాబట్టి నీళ్లు ఎప్పుడూ లోపలికి చొరబడుతుంటాయి. పొలుసు ఊడినా, చర్మం చీరినా ఆ చొరబాటు పెరిగి మూత్రపిండాల మీద భారం పడుతుంది. లీటరుకు 1 నుంచి 2 గ్రాములు ఆ భారాన్ని తగ్గిస్తుంది. మూడోది తెల్లమచ్చ, అంటే పురుగు పట్టి ఒంటిమీద తెల్ల చుక్కలు పడే జబ్బు. దానికి లీటరుకు 2 నుంచి 3 గ్రాములు, 10 నుంచి 14 రోజులు ఉంచాలి. మచ్చలు రాలగానే ఆపితే ఇసుకలో దాగిన పురుగు పిల్లలు మళ్లీ పట్టుకుంటాయి. ఆస్కార్ తలమీద గుంటలు పడితే ఉప్పు నయం చెయ్యదు, అక్కడ నీళ్లూ మేతా చూసుకోవాలి.

ఇక లెక్క. తొట్టి కొలత చూడబాక, నీళ్ల కొలత చూడు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తొట్టిలో నీళ్లు 20 అంగుళాలు ఉంటే 20 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, అంటే 566. ఇసుక, కొయ్యలు ఆక్రమించిన చోటు తీసేస్తే 530 అనుకో. లీటరుకు 1 గ్రాము చొప్పున 530 గ్రాములు. చెంచాలతో కొలవొద్దు, కల్లుప్పు గళ్లు ఒక్కోసారి ఒక్కో సైజులో ఉంటాయి. వంటింటి త్రాసు మీద తూచు. ఏమీ కలపని కల్లుప్పే మేలు. ఐరన్ కలిపిన ఉప్పు వద్దు. ఎప్సమ్ సాల్ట్ వేరే పదార్థం, ఈ పనికి రాదు.

తూచినదాన్ని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని బకెట్‌లో తొట్టి నీళ్లతోనే పూర్తిగా కరిగించి, ఫిల్టర్ నీళ్లు పడే చోట మెల్లగా పొయ్యి. భాగానికీ భాగానికీ ఎనిమిది గంటల ఎడం ఇవ్వు. గళ్లు నేరుగా వేస్తే రెడ్‌టెయిల్ వాటి మీద పడుకుని పొట్ట కాల్చుకుంటుంది. అది పొలుసుల్లేని చేప కాబట్టి, అది ఉన్న తొట్టిలో సగం మోతాదుతో మొదలుపెట్టి ఒక రోజు గమనించు. తొట్టిలో మంచినీటి స్టింగ్‌రే చేప ఉంటే గాయానికో మచ్చకో ఉప్పు వెయ్యనే వద్దు. మొక్కలుంటే ముందే వేరే చోటికి మార్చు.

ఉప్పు వేసే ముందు ఫిల్టర్‌లో జియోలైట్ అనే రాళ్ల సంచి ఉందేమో చూడు. జియోలైట్ పట్టుకున్న అమ్మోనియాను ఉప్పు విడిపించి నీళ్లలోకి వదిలేస్తుంది. మందు వేసిన రాత్రే చేప చచ్చిందంటే ముందు దీన్నే అనుమానించాలి.

ఎక్కువమంది తప్పేది తర్వాతి లెక్కలో. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు. మన ఎండల్లో తగ్గిన నీళ్లకు బదులు ఉత్త నీళ్లే పొయ్యి. ఉప్పు ఉంచాలనుకున్న రోజుల్లో నీళ్లు తోడి మార్చితే, తోడినన్ని లీటర్లకే మళ్లీ ఉప్పు కలుపు: 160 లీటర్లు తోడితే 160 గ్రాములు. తీసేసేదానికి ఉప్పులేని నీళ్లతో రోజు విడిచి రోజు 30 శాతం మార్చు. లీటరుకు 3 గ్రాములున్నది మూడు మార్పులకు సుమారు ఒక గ్రాముకు దిగుతుంది.

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కో. లీటరుకు 1 గ్రాము ఉప్పుకు అంకె సుమారు వెయ్యి పెరుగుతుంది. వేసే ముందున్న అంకె గోడమీద రాసిపెట్టుకుంటే ఎంత మిగిలిందో తెలుస్తుంది. బోరు నీళ్లకు ముందే అంకె ఎక్కువుంటుంది కదా అని ఉప్పు తగ్గించబాక. ఆ అంకెలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కూడా కలిసే ఉంటాయి.

వేసవిలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, ఎయిర్ పంపు రాత్రంతా ఆడాలి. ఉప్పు వేసిన రోజు అరోవానా ఎగరొచ్చు, మూత మీద బరువు పెట్టు. తోడిన ఉప్పునీళ్లు కరివేపాకు కుండీలకు పొయ్యబాక, మురికి కాలవలో పోసెయ్యి.

రేపు నైట్రైట్ కిట్‌తో చూసి ఆ అంకె నాకు చెప్పు. సున్నా వచ్చి, చేపల మీద మచ్చా గాయమూ లేకపోతే ఉప్పు పొట్లం విప్పే పనే లేదు.

ఇట్లు,
మామ