"టిల్ ఫ్రైడే"నా, "బై ఫ్రైడే"నా?

"ఐ విల్ సెండ్ ద ఫైల్ టిల్ ఫ్రైడే" అని మెయిల్ పెడితే మేనేజర్ తప్పన్నారని అడిగారు కదా. తప్పేనండీ. మీరు అనుకున్నది "శుక్రవారం కల్లా". దానికి బై వాడాలి. టిల్ అంటే "దాకా". పని అప్పటివరకు సాగుతూనే ఉండాలి: "ఐ విల్ వర్క్ టిల్ సిక్స్". ఫైలు పంపడం ఒక్కసారితో అయిపోతుంది, సాగదు. అయితే "ఐ వోంట్ సెండ్ ఇట్ టిల్ ఫ్రైడే" మాత్రం ఒప్పే. పంపకుండా ఉండటం శుక్రవారం దాకా సాగుతుంది మరి! గడువు రాసేటప్పుడు "బై 5 పీఎం ఆన్ ఫ్రైడే" అని గంట కూడా వేయండి. లేదంటే అర్ధరాత్రి దాకా టైముందని మీరు, ఆఫీసు మూసేలోపని ఆయన అనుకుంటారు.

ప్రయాణానికి బై బస్, బై ట్రైన్ సరే. మధ్యలో "మై" వస్తే బై పోతుంది: "ఇన్ మై కార్". "బై వాక్" మనవాళ్ల సొంత తయారీ, "ఆన్ ఫుట్" అనండి. హోటల్లో వన్ బై టూ టీ జోలికి మాత్రం నేను రాను.