చంద్రపూర్ థర్మల్ పొగను గ్యాస్‌గా మార్చవచ్చా?

ప్రశ్న: కార్బన్ డయాక్సైడ్‌ను ఇంధనంగా మార్చే కేటలిస్టు (రసాయన చర్యను వేగం చేసే పదార్థం) కనిపెట్టారని ఒక వీడియోలో చూశాను. దాన్ని చంద్రపూర్ థర్మల్ స్టేషన్‌లో పెడితే కాలుష్యం పోయి, మనకు గ్యాస్ చవకగా రాదా?

మాది బల్లార్షా. నా ఉద్యోగమంతా ఒక ఎరువుల కర్మాగారంలో, అమ్మోనియా ప్లాంటు కంట్రోల్ రూములో గడిచింది. మీరు వీడియోలో చూసిన అద్భుతం మా ప్లాంటులో ఇరవై నాలుగు గంటలూ జరిగేది. దానికి మేము దండం పెట్టలేదు సరికదా, ఎప్పుడు అదుపు తప్పుతుందోనని భయపడేవాళ్లం.

అమ్మోనియా తయారీకి వెళ్లే హైడ్రోజన్‌లో కార్బన్ డయాక్సైడ్ పిసరంత మిగిలినా తర్వాతి దశలో ఉండే ఇనుప కేటలిస్టు చెడుతుంది. అందుకే పొటాషియం కార్బనేట్ ద్రావణంతో కడిగాక, మిగిలిన కాస్తను మిథనేటర్‌కు పంపుతారు. లోపల నికెల్ ఉన్న గుళికలు. 300 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లిన కార్బన్ డయాక్సైడ్ హైడ్రోజన్‌తో కలిసి మీథేన్ అనే మండే గ్యాస్, నీటి ఆవిరి అయి బయటికి వస్తుంది. ఫ్రాన్సుకు చెందిన సబాటియే వందేళ్ల కిందటే చూపించిన చర్య ఇది. ఆయనకు 1912లో నోబెల్ కూడా వచ్చింది. వీడియోల వాళ్లకు మాత్రం నిన్ననే తెలిసింది.

ఒక ఎండాకాలం నైట్ షిఫ్టులో ఆ కడిగే టవర్‌లో ద్రావణం నురగ కట్టింది. కార్బన్ డయాక్సైడ్ కడగకుండానే జారిపోయింది. అది ఒక శాతం ఎక్కువైతే చాలు, మిథనేటర్‌లో వేడి 60 డిగ్రీలు పెరుగుతుంది. మామూలు రోజుల్లో మొత్తం పెరుగుదలే 30 డిగ్రీలు. వేడిని గీసే చార్టు కాగితం మీద ఎర్ర సిరా ముల్లు అడ్డంగా పాకడం మానేసి నిలువుగా లేచింది. సిరొంచ నుంచి వచ్చిన సీనియర్ ఆపరేటర్ ఒకాయన ఉండేవాడు, అందరం మామా అని పిలిచేవాళ్లం. చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే రెండో చేత్తో మిథనేటర్ ఇన్‌లెట్ మూసి, గ్యాస్‌ను గాల్లోకి వదిలే వెంటు తెరిచాడు. "ముల్లును చూస్తూ కూర్చుంటే మిథనేటర్ డ్రమ్ము కరుగుతుంది రా అబ్బాయ్" అన్నాడు. వెంటు రొదకు కాలనీ అంతా లేచింది. తెల్లారాక మా ఆవిడ మొదట అడిగింది కూడా ఆ చప్పుడు గురించే.

ఇదంతా ఎందుకంటే, నికెల్‌కు పని చేయడం రాక కాదు, ఆపడం మన వల్ల కాక ఇబ్బంది. హైడ్రోజన్ దండిగా ఉంటే చర్య దానంతట అది పరిగెత్తుతుంది. చిక్కంతా ఆ హైడ్రోజన్ దగ్గరే. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ కిలోను మీథేన్ చేయాలంటే 180 గ్రాముల హైడ్రోజన్ కావాలి. నీటిని విడగొట్టి అంత హైడ్రోజన్ తీయడానికి 9 యూనిట్లు ఖర్చు. వచ్చిన మీథేన్‌ను తిరిగి కరెంటు చేస్తే రెండున్నర యూనిట్లు దక్కితే గొప్ప. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ థర్మల్ స్టేషన్‌లో కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్‌టీపీసీ ఇలాగే కార్బన్ డయాక్సైడ్ నుంచి రోజుకు 10 టన్నుల మిథనాల్ అనే ద్రవ ఇంధనం తీసే ప్లాంటు పెట్టింది. మంచిదే, నేర్చుకోవడానికి పనికొస్తుంది. అంత మిథనాల్‌కు పట్టే కార్బన్ డయాక్సైడ్ 14 టన్నులు. మన చంద్రపూర్ 2,920 మెగావాట్లు పూర్తిగా నడిస్తే రోజుకు 60 వేల టన్నులకు పైనే వదులుతుంది.

ఇంకొక మాట. మీ డాబా మీద ఆరేసిన బట్టలకు అంటే నలుపు కార్బన్ డయాక్సైడ్ కాదు. దానికి రంగే లేదు. అది బూడిద, బొగ్గు దుమ్ము. ఏ కేటలిస్టూ దాన్ని ముట్టదు. పైగా పొగలోని గంధకం తగిలితే మీథేన్ చేసే నికెల్, మిథనాల్ చేసే రాగి రెండూ చచ్చిపోతాయి. టార్పాలిన్ కప్పకుండా తిరిగే బొగ్గు లారీలను ఆపమని అడిగేవాడు లేడు గానీ, నోబెల్ కేటలిస్టు కావాలంటారు అందరూ.

ఇక గ్యాస్ చవక సంగతి. వంటింటి సిలిండరులో ఉండేది మీథేన్ కాదు, ప్రొపేన్, బ్యూటేన్. అవి నికెల్‌తో రావు. పొటాషియం కలిపిన ఇనుప కేటలిస్టు వాడాలి. అది కూడా మీథేన్ నుంచి మైనం దాకా అన్నీ కలగలిపి ఇస్తుంది. మీకు కావలసినది విడదీయడానికి మళ్లీ ఇంకొక ప్లాంటు కట్టాలి.